గేమ్ రిమోట్‌కు పని చెప్పండి

"అన్నా, ఈ రిమోట్ నా ఫోన్‌కు కనెక్ట్ అవుద్దా?" మొబైల్ షాపులో పనిచేసేవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. అడిగే కుర్రాడి చేతిలో ప్లేస్టేషన్‌దో ఎక్స్‌బాక్స్‌దో ఒక కంట్రోలర్ ఉంటుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అన్నయ్య కొత్తది కొనుక్కుని పాతది ఇచ్చి ఉంటాడు. లేదా అమెరికా బాబాయి ఎప్పుడో తెచ్చిన ఎక్స్‌బాక్స్ 360 అయి ఉంటుంది. దాని అడాప్టర్ అక్కడి 110 వోల్టుల కోసం చేసింది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే పనికి రాకుండా పోతుంది. కన్సోల్ అటకెక్కింది, రిమోట్ మిగిలింది. కౌంటర్ వెనక నుంచి వచ్చే జవాబు మాత్రం చాలాసార్లు ఒకటే: "అది టీవీ గేముది తమ్ముడూ, ఫోన్‌కు రాదు."

ఆ జవాబు చాలావరకు తప్పు. ఈ పదేళ్లలో పేరున్న కంపెనీలు చేసిన కన్సోల్ రిమోట్లు దాదాపు అన్నీ బ్లూటూత్‌తో ఫోన్‌కు, ట్యాబ్‌కు, కంప్యూటర్‌కు కలుస్తాయి. అంతకు ముందువాటిలోనూ కొన్ని కలుస్తాయి. ఏది కలుస్తుంది, ఏది కలవదు, ఎందుకు కలవదు అన్నది తెలిసినవాడు షాపులో తక్కువ మంది. తెలిస్తే ఏం లాభం అన్నదే ఈ వ్యాసం.

ఇది ముగ్గురి కోసం రాసింది. నరసరావుపేట, మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల లాంటి ఊళ్లలో మొబైల్, కంప్యూటర్ షాపుల్లో పనిచేసేవాళ్లు ఒకరు. మిరప, పత్తి చేలల్లో డ్రోన్‌తో మందు కొట్టే పనికి వెళ్దామనుకునే అమ్మాయిలు, అబ్బాయిలు రెండోవారు. ఇంట్లో రిమోట్ ఊరికే పడి ఉన్నవాళ్లు మూడోవారు. ఈ ముగ్గురికీ చెప్పేది ఒకటే. కన్సోల్ లేకపోయినా రిమోట్ పనిముట్టే. దానితో చేయగల పని పల్నాడులోనే ఉంది. అయితే అది నెల జీతం ఇచ్చే ఉద్యోగం కాదు, ఉన్న పనికి తోడయ్యే నేర్పు. ఈ తేడా మర్చిపోకుండా ముందుకు వెళ్దాం.

ముందు చేతిలో ఉన్నదేదో గుర్తుపట్టండి

కంట్రోలర్ మీద కంపెనీ పేరు చూసి ఊరుకుంటే సరిపోదు. ఏ తరానిదో చూడాలి.

ప్లేస్టేషన్ 4 రిమోట్ పేరు డ్యుయల్‌షాక్ 4. ముందు వైపు వెలిగే పట్టీ, మధ్యలో టచ్‌ప్యాడ్, పాత ఫోన్లకు ఉండే మైక్రో యూఎస్‌బీ రంధ్రం దీని గుర్తులు. ప్లేస్టేషన్ 5 రిమోట్ పేరు డ్యుయల్‌సెన్స్. కాస్త లావుగా ఉంటుంది, చార్జింగ్ రంధ్రం టైప్-సి. ఈ రెండింటికీ బ్లూటూత్ ఉంది. కళ్లు మూసుకుని "కలుస్తుంది" అని చెప్పొచ్చు.

ఎక్స్‌బాక్స్ వన్ దగ్గరే చాలామంది పొరబడతారు. 2013లో వచ్చిన మొదటి రిమోట్లకు బ్లూటూత్ లేదు. 2016లో ఎక్స్‌బాక్స్ వన్ ఎస్‌తో వచ్చినవాటి నుంచి ఉంది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. తేడా పట్టే ఉపాయం ఒకటుంది. వెలిగే ఎక్స్‌బాక్స్ గుర్తు చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను చూడండి. అది రిమోట్ ముఖంతో కలిసిపోయి ఒకే ముక్కగా ఉంటే బ్లూటూత్ ఉన్నట్టు. పైన ఉండే ఎల్‌బీ, ఆర్‌బీ బటన్లతో కలిసిన నున్నని ముక్కగా ఉంటే లేనట్టు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఈ ఒక్క చూపు డబ్బు మిగులుస్తుంది. 2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ రిమోట్లకు టైప్-సి, బ్లూటూత్ రెండూ ఉన్నాయి.

ఎక్స్‌బాక్స్ 360ది వేరే కథ. దాని వైర్‌లెస్ రిమోట్‌లో బ్లూటూత్ లేదు. కంప్యూటర్‌కు పెట్టాలంటే ప్రత్యేకంగా ఒక రిసీవర్ కావాలి. దానితో వచ్చే తీగ చార్జింగ్‌కే పనికొస్తుంది, బటన్ నొక్కిన సంగతిని మోయదు. వైరుతోనే పుట్టిన 360 రిమోట్ అయితే విండోస్‌కు గుచ్చగానే పనిచేస్తుంది. ప్లేస్టేషన్ 3 రిమోట్‌లో బ్లూటూత్ ఉన్నా మామూలు పద్ధతిలో ఫోన్‌తో జత కట్టదు. దాని మీద కస్టమర్ సమయం, మీ సమయం ఖర్చు చేయకండి. నింటెండో స్విచ్ వాళ్ల ప్రో కంట్రోలర్, జాయ్‌కాన్‌లు బ్లూటూత్‌వే.

బజారులో దొరికే పేరులేని చవక ప్యాడ్లలో కొన్ని చిన్న పెన్‌డ్రైవ్ లాంటి రిసీవర్‌తో వస్తాయి. ఆ రిసీవర్ పోతే ప్యాడ్ ఉన్నా లేనట్టే. పాతది కొనేవాళ్లు ముందు అది చేతికి వచ్చిందో లేదో చూసుకోవాలి.

జత చేసే పద్ధతి

ఫోన్ అయినా ట్యాబ్ అయినా పని ఒకటే. రిమోట్‌ను "నన్ను వెతుక్కోండి" అనే స్థితిలో పెట్టాలి, తర్వాత ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్‌లో కొత్త పరికరం కోసం వెతకాలి.

డ్యుయల్‌షాక్ 4లో షేర్ బటన్, పీఎస్ బటన్ కలిపి పట్టుకుంటే వెలుగు పట్టీ టకటకా మెరుస్తుంది. డ్యుయల్‌సెన్స్‌లో క్రియేట్ బటన్, పీఎస్ బటన్ కలిపి పట్టుకోవాలి. ఎక్స్‌బాక్స్‌లో పైన అంచున చిన్న జత బటన్ ఉంటుంది. మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే గుర్తు వేగంగా మెరుస్తుంది. స్విచ్ ప్రో రిమోట్‌లో చార్జింగ్ రంధ్రం పక్కన, జాయ్‌కాన్‌లో పక్కన జారే పట్టాలో చిన్న సింక్ బటన్ ఉంటుంది.

ఫోన్‌లో డ్యుయల్‌షాక్ 4 "వైర్‌లెస్ కంట్రోలర్" అన్న పేరుతో కనపడుతుంది. ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ పేరు కనపడటం లేదని చాలామంది వదిలేస్తారు, అది అదే. ఆండ్రాయిడ్‌లో డ్యుయల్‌షాక్ 4కు ఆండ్రాయిడ్ 10, డ్యుయల్‌సెన్స్‌కు ఆండ్రాయిడ్ 12 ఉంటే ఇబ్బంది ఉండదు. ఐఫోన్, ఐప్యాడ్‌లలో 2019లో వచ్చిన ఐఓఎస్ 13 నుంచి ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ బ్లూటూత్ రిమోట్లు కలుస్తున్నాయి. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 14.5 నుంచి డ్యుయల్‌సెన్స్, ఎక్స్‌బాక్స్ సిరీస్ రిమోట్లు, 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి స్విచ్ రిమోట్లు కూడా చేరాయి. కస్టమర్ ఐఫోన్ పాతదైతే ముందు సెట్టింగ్‌లో వెర్షన్ నంబరు చూసి మాట్లాడండి.

బ్లూటూత్‌తో పేచీ పెడితే కేబుల్ ఉండనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఓటీజీ అడాప్టర్ పెట్టి రిమోట్‌ను వైరుతో గుచ్చితే చాలా ఫోన్లలో పనిచేస్తుంది. బ్లూటూత్ లేని పాత ఎక్స్‌బాక్స్ వన్ రిమోట్‌కు ఫోన్‌లో చోటు దొరికేది ఈ దారిలోనే.

కంప్యూటర్‌లో రెండు రకాల భాషలున్నాయని తెలిస్తే సగం గందరగోళం తీరుతుంది. విండోస్ ఆటలు ఎక్కువగా ఎక్స్‌బాక్స్ రిమోట్ పద్ధతికి రాసినవి. దాన్ని ఎక్స్‌ఇన్‌పుట్ అంటారు. అందుకే ఎక్స్‌బాక్స్ రిమోట్ గుచ్చితే చాలు, ఆట వెంటనే వింటుంది. ప్లేస్టేషన్ రిమోట్‌ను విండోస్ గుర్తిస్తుంది కానీ చాలా ఆటలు దాని మాట వినవు. మధ్యలో ఒక దుబాసీ కావాలి. స్టీమ్ అనే ఉచిత ప్రోగ్రాం సెట్టింగ్‌లో ప్లేస్టేషన్ కంట్రోలర్ మద్దతును ఆన్ చేస్తే ఆ పని అది చేస్తుంది. 2016 చివర నుంచి ఈ వీలు ఉంది. స్టీమ్ బయట ఆడే ఆటలకు డీఎస్4విండోస్ అనే ఉచిత ప్రోగ్రాం వాడతారు. రెండూ ఒకేసారి నడిపితే ఒక్క బటన్ రెండుసార్లు నొక్కినట్టు పడుతుంది. ఒకటే ఉంచండి. లినక్స్‌లో 2021 తర్వాతి వెర్షన్లకు డ్యుయల్‌సెన్స్ కోసం సోనీయే రాసి ఇచ్చిన డ్రైవర్ లోపలే ఉంది.

విండోస్ రిమోట్‌ను నిజంగా చూస్తోందా అన్నది తేల్చడానికి ఆట తెరవనక్కర్లేదు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో జేఓవై చుక్క సీపీఎల్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. రిమోట్ల జాబితా వస్తుంది. దాని ప్రాపర్టీస్‌లోకి వెళ్తే ప్రతి బటన్‌కు ఒక దీపం, ప్రతి స్టిక్‌కు ఒక గడి కనపడతాయి. షాపులో పనిచేసేవాడు ముందుగా నేర్చుకోవాల్సింది ఈ కిటికీ తెరవడమే. కస్టమర్ "పనిచేయట్లేదన్నా" అన్నప్పుడు తప్పు రిమోట్‌దా, ఆటదా అన్నది ఇక్కడ అర నిమిషంలో తేలిపోతుంది.

కలిశాక కూడా కదలకపోతే

ఇవి రోజూ వచ్చే ఇబ్బందులు. ఈ వరసలోనే చూస్తే సమయం కలిసొస్తుంది.

మొదటిది, తీగ. మైక్రో యూఎస్‌బీ తీగల్లో కొన్ని కరెంటు మాత్రమే మోసేవి. లోపల సమాచారం మోసే వైర్లు ఉండవు. రిమోట్ చార్జ్ అవుతుంది, కంప్యూటర్‌కు మాత్రం కనపడదు. ఇంకో తీగతో పెట్టి చూడకుండా రిమోట్ పాడైందని తేల్చకండి.

రెండోది, పాత బంధం. రిమోట్ ఇంట్లో కన్సోల్‌నే గుర్తుపెట్టుకుని ఉంటుంది. బటన్ నొక్కగానే పక్క గదిలోని ప్లేస్టేషన్ లేచి కూర్చుంటుంది. కన్సోల్ ప్లగ్గు తీసి మళ్లీ జత చేయండి. సోనీ రిమోట్లకు వెనక వైపు సూది దూరేంత చిన్న రంధ్రం ఉంటుంది. పిన్నుతో కొన్ని సెకన్లు నొక్కితే పాత జ్ఞాపకం పోతుంది. ఆ తర్వాత కన్సోల్‌తో మళ్లీ వాడాలంటే ఒకసారి తీగతో కన్సోల్‌కు గుచ్చాలని కస్టమర్‌కు ముందే చెప్పండి. లేకపోతే సాయంత్రం ఫోన్ వస్తుంది.

మూడోది, ఆటే ఒప్పుకోకపోవడం. ఆండ్రాయిడ్ హోమ్ స్క్రీన్ మీద బాణం బటన్లు నొక్కితే యాప్‌ల మీద వెలుగు కదులుతుంటే రిమోట్ పనిచేస్తున్నట్టే. అప్పుడు లోపం ఆటలో ఉంది. కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ 2019 నవంబరు నుంచి రిమోట్‌ను ఒప్పుకుంటుంది, రిమోట్‌తో ఆడేవాళ్లను వాళ్లలో వాళ్లకే పోటీ పెడుతుంది. మైన్‌క్రాఫ్ట్, ఆస్ఫాల్ట్ రేసులు ఒప్పుకుంటాయి. మన దగ్గర ఎక్కువ మంది ఆడే బీజీఎంఐ మాత్రం అధికారికంగా ఒప్పుకోదు.

అక్కడే ప్రమాదం మొదలవుతుంది. రిమోట్ బటన్‌ను తెర మీద వేలి తాకిడిగా మార్చే మ్యాపర్ యాప్‌లు ఉన్నాయి. వాటిలో చాలా వాటికి ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్లు, యూఎస్‌బీ డీబగ్గింగ్ తెరవాలి. ఆటవాళ్లు పట్టుకుంటే కస్టమర్ ఖాతా పోతుంది. డీబగ్గింగ్ తెరిచి ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. యూపీఐతో మిరప కూలీ డబ్బులు పంచే రైతు ఫోన్‌లో ఈ పని చేసి పంపితే రేపు షాపు ముందుకు వచ్చేది ఆయనే. కస్టమర్ ఎంత అడిగినా ఆయన ఫోన్‌లో ఇవి తెరవకండి. కుదరదని మర్యాదగా చెప్పి కుదిరే ఆటలు చూపించండి.

నాలుగోది, హెడ్‌ఫోన్. రిమోట్ కింద హెడ్‌ఫోన్ రంధ్రం ఉన్నా బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిపినప్పుడు దాంట్లో శబ్దం రాదు. అది లోపం కాదు, ఆ పద్ధతే అంత.

డ్రోన్ పనికి వెళ్లేవాళ్లకు

2021–22 సీజన్‌లో నల్ల తామర పురుగు ఈ ప్రాంతం మిరపను దెబ్బ తీసినప్పుడు పల్నాడు ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా వేరు జిల్లా అయింది. మందు మీద మందు కొట్టాల్సిన పంట, మందు కొట్టడానికి దొరకని మనిషి. ఈ రెండూ కలిసిన చోటే డ్రోన్‌కు గిరాకీ పుట్టింది. భుజాన తైవాన్ స్ప్రేయర్ వేసుకుని చేనంతా తిరిగి, ఒళ్లంతా మందు పడేచోట, పది లీటర్ల ట్యాంకు ఉన్న డ్రోన్ ఎకరాన్ని పది నిమిషాల అటూ ఇటుగా ముగిస్తుంది.

ఇక్కడే రిమోట్ పనికొస్తుంది. డ్రోన్ నడిపే రిమోట్‌లో రెండు స్టిక్కులుంటాయి. మన దేశంలో ఎక్కువగా వాడే పద్ధతిలో ఎడమ స్టిక్ ఎత్తు పెంచడం, తగ్గించడం, ముక్కు తిప్పడం చూస్తుంది. కుడి స్టిక్ ముందుకు, వెనక్కు, పక్కలకు జరపడం చూస్తుంది. ప్లేస్టేషన్ రిమోట్‌లోనూ అవే రెండు స్టిక్కులు. బొటనవేళ్లు రెండూ ఒకేసారి వేర్వేరు పనులు చేయడం అలవాటు కావడమే మొదట్లో కష్టం. ఆ కష్టాన్ని లక్షల విలువ చేసే డ్రోన్ మీద కాకుండా ఇంట్లో కంప్యూటర్ మీద తీర్చుకోవచ్చు. ఇది ఆటలోళ్ల సరదా మాట కాదు. 2018లో అమెరికా నౌకాదళంలో చేరిన యూఎస్ఎస్ కొలరాడో జలాంతర్గామిలో పెరిస్కోప్ కెమెరాను తిప్పడానికి ఎక్స్‌బాక్స్ 360 రిమోట్‌నే పెట్టారు. కొత్తగా చేరిన కుర్రాళ్ల చేతులకు అది ముందే తెలుసు, ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు.

అభ్యాసానికి డబ్బు పెట్టనక్కర్లేదు. మిషన్ ప్లానర్ అనే ఉచిత ప్రోగ్రాం విండోస్‌లో పనిచేస్తుంది. ఆర్డుపైలట్ అనే డ్రోన్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఇది పనిముట్టు. దానిలో సిమ్యులేషన్ అనే భాగం తెరిచి మల్టీరోటర్ ఎంచుకుంటే తెర మీద ఒక డ్రోన్ వస్తుంది. యాక్షన్స్ భాగంలో జాయ్‌స్టిక్ బటన్ నొక్కి, ప్రతి కదలికకు ఆటో డిటెక్ట్ పెట్టి, ఆ స్టిక్‌ను కదిపితే అదే గుర్తు పట్టుకుంటుంది. తర్వాత ఎనేబుల్ చేయాలి. మొదట లాయిటర్ మోడ్‌లో నడపండి. గేమ్ రిమోట్ స్టిక్ వదలగానే మధ్యకు వస్తుంది కాబట్టి ఈ మోడ్‌లో స్టిక్ మధ్యలో ఉంటే డ్రోన్ ఉన్న ఎత్తులోనే నిలబడుతుంది. క్యూగ్రౌండ్‌కంట్రోల్ అనే ఇంకో ఉచిత ప్రోగ్రాం తన సూచనల్లో సోనీ ప్లేస్టేషన్ 3, 4 రిమోట్లను ప్రత్యేకంగా సిఫారసు చేస్తుంది.

ఏం అభ్యాసం చేయాలి? ముందు ఒకే ఎత్తులో నిలబెట్టడం. తర్వాత చతురస్రం గీయడం. తర్వాత ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం. చివరికి డ్రోన్ ముక్కు మీ వైపు తిరిగి ఉండగా నడపడం. అప్పుడు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. చేలో తడబాటు వచ్చేది అక్కడే. చేను మధ్యలో వరసలు పట్టి నడవడం డ్రోన్ తనంతట తానే చేసుకుంటుంది. గట్టు పక్క వేప చెట్టు, అడ్డంగా పోయే కరెంటు తీగలు, పక్క చేనులో పనిచేసే మనుషులు వచ్చినప్పుడు మాత్రం మీ వేళ్లే దిక్కు.

రెండు హద్దులు. ఒకటి, నిజం డ్రోన్‌ను గేమ్ రిమోట్‌తో నడపకూడదు. బ్లూటూత్ పది మీటర్ల వరకే నమ్మకం, చేను అంతకన్నా పెద్దది. రెండు, ఇంట్లో అభ్యాసం శిక్షణకు ముందు మెట్టు మాత్రమే, లైసెన్సు కాదు. డ్రోన్ నిబంధనలు 2021 ప్రకారం కూలికి మందు కొట్టే డ్రోన్ నడపాలంటే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఉన్న శిక్షణ సంస్థ నుంచి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. పద్దెనిమిది నిండాలి, అరవై అయిదు దాటకూడదు, పదో తరగతి పాసై ఉండాలి. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. గుంటూరు దగ్గర లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ శిక్షణ ఇచ్చే సంస్థల్లో ఒకటి. నరసరావుపేట నుంచి బస్సులో వెళ్లి రాగలిగిన దూరం. ఎగరేసే ముందు ఆ చోటు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాల్లో దేనిలో ఉందో డిజిటల్ స్కై మ్యాపులో చూడాలి.

డ్వాక్రా సంఘాల్లోని మహిళలకు ఇంకో దారి ఉంది. కేంద్రం 2023 నవంబరులో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకంలో 15,000 స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకున్నారు. డ్రోన్ ఖరీదులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల సాయం, ఎంపికైన సభ్యురాలికి 15 రోజుల శిక్షణ ఇందులో ఉన్నాయి. "నాకు కంప్యూటరే సరిగా రాదు, డ్రోన్ ఏం నడుపుతానమ్మా" అనే అక్కకు శిక్షణకు ముందు ఇంట్లో అబ్బాయి రిమోట్‌తో వారం రోజులు తెర మీద తిప్పి చూడమని చెప్పండి. భయం చాలా వరకు అక్కడే దిగుతుంది.

షాపులో దీనికి కూలి ఎక్కడ పడుతుంది

గేమ్ రిమోట్లతో షాపుకు వచ్చే ప్రధానమైన రిపేరు ఒక్కటే. స్టిక్ ముట్టుకోకపోయినా ఆటలో మనిషి తనంతట తాను నడుస్తుంటాడు. దీన్నే స్టిక్ డ్రిఫ్ట్ అంటారు. స్టిక్ కింద చిన్న కార్బన్ పూత మీద లోహపు పుల్ల జారుతూ ఎక్కడుందో చెబుతుంది. వాడుతూ వాడుతూ ఆ పూత అరుగుతుంది, దుమ్ము చేరుతుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దుమ్ము, దాచేపల్లి సిమెంటు దుమ్ము ఉన్న చోట ఇది ఇంకా త్వరగా వస్తుంది.

దీనికి మూడు మెట్లు. మొదట ఆటలో డెడ్‌జోన్ అనే సెట్టింగ్ కాస్త పెంచితే చిన్న డ్రిఫ్ట్ కనపడకుండా పోతుంది. అది జబ్బును దాచడమే, నయం చేయడం కాదని కస్టమర్‌కు చెప్పండి. రెండు, రిమోట్ ఆపేసి స్టిక్ మొదట్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒకటి రెండు చుక్కలు వేసి గుండ్రంగా తిప్పి ఆరనివ్వాలి. మూడు, స్టిక్ మాడ్యూల్ మార్చడం. సోనీ రిమోట్లో ఒక్కో మాడ్యూల్‌ను బోర్డు నుంచి ఊడదీయాలంటే 14 చోట్ల టంకం కరిగించాలి. ఫోన్ చార్జింగ్ పిన్ మార్చే చేయి ఉన్నవాడికి ఇది కష్టం కాదు, ఓపిక కావాలి. మార్చాక మధ్య స్థానం సరిచూసే క్యాలిబ్రేషన్ చేయకపోతే కొత్త మాడ్యూల్ కూడా పక్కకే లాగుతుంది. ఈ పని కోసమే బ్రౌజర్‌లో పనిచేసే ఉచిత పనిముట్లు ఉన్నాయి. అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ మాడ్యూళ్లూ ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిలో రాపిడి లేదు కాబట్టి ఈ అరుగుడు జబ్బు రాదు. రెండు ధరలూ చెప్పి ఏది కావాలో కస్టమర్‌నే తేల్చుకోనివ్వండి.

ఇంకో పని ఎవరికీ తట్టదు. చేయి సరిగా కదలనివాళ్లకు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లకు మౌస్ పట్టుకోవడం కష్టం. స్టీమ్ తెరిచి ఉంటే గేమ్ రిమోట్ స్టిక్‌తో కంప్యూటర్ మౌస్ బాణాన్ని కదపొచ్చు, బటన్‌తో క్లిక్ చేయొచ్చు. వికలాంగుల కోసమే పెద్ద మీటలతో మైక్రోసాఫ్ట్ 2018లో అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది, సోనీ 2023 డిసెంబరులో యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది. అవి ఖరీదు. మామూలు రిమోట్‌తో ముందు ప్రయత్నించి చూపించగలిగిన షాపును ఆ కుటుంబం మర్చిపోదు.

పనికి కూలి చెప్పేటప్పుడు ఒక పద్ధతి పెట్టుకోండి. జత చేసి చూపించడానికి డబ్బు తీసుకోకుండా, అడాప్టర్, మంచి తీగ అమ్ముకోండి. శుభ్రం చేయడానికి ఒక ధర, మాడ్యూల్ మార్చడానికి ఒక ధర పెట్టి, పని మొదలయ్యే ముందే కాగితం మీద రాసి ఇవ్వండి. ముందూ తర్వాతా పరీక్ష కిటికీని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచితే "నువ్వే పాడుచేశావ్" అనే మాట రాదు.

ఎండ, చార్జింగ్, నకిలీలు

రెంటచింతల ఎండ గురించి రాష్ట్రమంతా తెలుసు. వేసవిలో బైకు డిక్కీలో పెట్టిన రిమోట్ లోపల లిథియం బ్యాటరీ ఉడుకుతుంది. వేడెక్కిన రిమోట్‌ను వెంటనే చార్జింగ్ పెట్టకూడదు. నీడలో చల్లారనివ్వాలి. సోనీ రిమోట్లకు మామూలు 5 వోల్టుల చార్జర్ చాలు. ఫోన్ ఫాస్ట్ చార్జర్ పెట్టినా త్వరగా నిండవు. డ్యుయల్‌షాక్ 4 రెండు గంటల్లో, డ్యుయల్‌సెన్స్ మూడు గంటల్లో నిండుతాయి. ఎక్స్‌బాక్స్ రిమోట్ రెండు ఏఏ సెల్లులతో నడుస్తుంది. నెలల తరబడి పక్కన పెట్టేట్టయితే సెల్లులు తీసేయండి, కారి లోపల తుప్పు పడుతుంది.

బజారులో సోనీ రిమోట్‌కు నకిలీలు చాలా ఉన్నాయి. బరువు తక్కువగా ఉండటం, బటన్లు గుల్లగా మోగడం, అక్షరాల్లో తప్పులు ఉండటం వాటి గుర్తులు. నకిలీతో సరదాగా ఆడుకోవచ్చు. డ్రోన్ అభ్యాసానికి మాత్రం కొనకండి. స్టిక్ సగం దూరం కదిపినా పూర్తిగా కదిపినట్టే చూపేవాటితో వేళ్లకు తప్పు అలవాటు పడుతుంది.

ఆడి సంపాదిస్తానంటే

రిమోట్ కొనుక్కుని గేములు ఆడి డబ్బు సంపాదిస్తాననే తమ్ముళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లకు చట్టం సంగతి ముందు చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పేకాట లాంటి డబ్బు ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. వాటిని నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడొచ్చు. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించింది. కాబట్టి పోటీల్లో ఆడటం తప్పు కాదు. కానీ ఈ-స్పోర్ట్స్‌లో జీతం తీసుకునేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. చదువో పనో ఉండి, సాయంత్రం ఆడితే ఆట. ఇల్లు గడిచేది దాని మీదే అనుకుంటే అప్పు. స్నేహితుడు పంపిన లింకులో "గేమ్ ఆడండి, డబ్బు గెలవండి" అని ఉంటే అది ఆట కాదు, వల.

ఎవరెవరికి మొదటి అడుగు ఏదో చెప్పి ముగిస్తాను. షాపులో ఉన్నవాళ్లు ఈ వారం ఒక పాత డ్యుయల్‌షాక్ 4, ఒక ఓటీజీ అడాప్టర్, సమాచారం మోసే రెండు తీగలు కౌంటర్ కింద ఉంచుకోండి. వచ్చిన ప్రతి రిమోట్‌ను వాటితో పోల్చి చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. డ్రోన్ పనికి వెళ్లేవాళ్లు మిషన్ ప్లానర్ దించుకుని, స్టిక్కులు సరిచూసుకుని, చతురస్రం నాలుగు మూలలూ ఎత్తు చెదరకుండా తిప్పగలిగాకే శిక్షణకు ఫీజు కట్టండి. తిప్పలేకపోతున్నారంటే ఆ పని మీది కాదని తక్కువ ఖర్చులోనే తెలిసినట్టు. ఇంట్లో రిమోట్ ఊరికే ఉన్నవాళ్లు ఒకసారి జత చేసి చూడండి. పనిచేస్తే వాడుకోండి, అక్కర్లేకపోతే డ్రోన్ నేర్చుకునే పక్కింటి పిల్లకు ఇచ్చేయండి. అటక మీద ఉన్నంతకాలం అది ఎవరికీ అక్కరకు రాదు.